ఆకాశంలో చౌరస్తా

మా తార్నాకలో తగాదాలకు కరువు లేదు. నీళ్ల ట్యాంకరు ముందు ఎవరింటికి రావాలన్నది ఒకటి, గోడ అవతలికి వంగిన మామిడికొమ్మ కాయలు ఎవరివన్నది మరొకటి. ఇల్లాంటివి ఏ పేటలోనైనా వుంటాయి. వాటిని గురించి పత్రికకు వ్రాయనక్కరలేదు. కాని చౌరస్తాలో జరిగే తగాదా వుందే, దాని తరహా వేరు. అరవైమందిని ఎక్కించుకున్న ఆర్టీసీ బస్సూ, ఒకే ఒక్క మనిషిని కూర్చోబెట్టుకున్న కారూ ముక్కూ ముక్కూ రాసుకుని ఆగుతాయి. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఒక్కనికి గింత పెద్ద బండి ఎందుకు సార్? మీ అసొంటోళ్లతోనే రోడ్డంత జామైతుంది" అంటాడు. కారులో ఆయన అద్దం దించి, "నడిరోడ్డు మీద బండి ఆపి మనుషుల్ని ఎక్కించుకునేది నువ్వు. జాము నావల్ల అయిందా?" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ నిజాల వెనక ఆగిపోయినవాళ్లు హారన్లు కొడుతూ వుంటారు. మధ్యన కొన్నేళ్లపాటు ఆ చౌరస్తానే మూసేసి, అందర్నీ యూ టర్నుల చుట్టూ తిప్పారు. 2025లో మళ్లీ తెరిచారు. తగాదా మాత్రం మూసినప్పుడు మూతపడనూ లేదు, తెరిచినప్పుడు తీరనూ లేదు.

సరిగ్గా ఇదే తగాదా ఆకాశంలో కూడా వుందనిన్నీ, అది వచ్చి మా ఇంట్లోనే అరిసెల పళ్లెం ముందు కూర్చుంటుందనిన్నీ నేను ఏనాడూ అనుకోలేదు.

మా అల్లుడు ఒక విమానాల కంపెనీలో పనిచేస్తాడు. ఏ విమానం ఏ వేళకు లేవాలి, ఎక్కడ దిగాలి, దిగిన ముప్పావుగంటలో మళ్లీ ఎల్లా లేవాలి అన్న పట్టికలు తయారుచెయ్యడం అతని ఉద్యోగం. మా అక్కయ్య రెండో కొడుకు పైలటు. కంపెనీ విమానం కాదు. ఒక పెద్ద వ్యాపారస్తుడి సొంత విమానం. ఎనిమిది సీట్ల జెట్టు. యజమాని టెలిఫోను చేస్తే గంటలో సిద్ధంగా వుండాలి. బేగంపేటలో విమానం నడపడం నేర్చుకునే రోజుల్లో వాడు రెండేళ్లు మా ఇంట్లోనే వున్నాడు. పొద్దున్నే మా ఆవిడ చేసిచ్చిన ఉప్మా డబ్బా పట్టుకుని వెళ్లి, మధ్యాహ్నం ఎండకు నల్లబడి వచ్చేవాడు. "ఆకాశంలో కూడా ఇంత నల్లబడతారట్రా?" అని మా ఆవిడ ఆశ్చర్యపోయేది. నిజానికి వాడు ఆకాశంలో వున్నది ముప్పావుగంట, తన వంతు వచ్చేదాకా నేలమీద ఎండలో నిలబడ్డది నాలుగు గంటలూనట!

2025 సంక్రాంతికి ఇద్దరూ ఒకేసారి వచ్చారు. అంతకుముందు పెళ్లిళ్లలో కలుసుకోవడమే తప్ప తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. భోగినాడు మధ్యాహ్నం భోజనాలైన తరువాత మా అల్లుడే మొదలుపెట్టాడు.

"తమ్ముడూ, నిన్న మా విమానం పావుగంట ఆలస్యం. ఎందుకో తెలుసా? మాకంటె ముందు మీలాంటిది ఒకటి లేచింది. మా దాంట్లో నూట ఎనభైమంది. అందులో ఎంతమందో చెప్పు చూద్దాం."

"ఎంతమందైతేనేం అన్నయ్యా? ముగ్గురే అనుకో. నీ పట్టికలో వేసిన వేళకు మీ విమానం తలుపులు మూశారా, అది చెప్పు ముందు."

అల్లుడు జవాబు చెప్పలేదు, అరిసె తుంచాడు. తలుపులు మూయలేదన్నమాట.

వీళ్లిద్దరూ వాదించుకుంటూంటే మా అక్కయ్య అదే గదిలో, కిటికీ పక్కన పడకకుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. ఆమెకు డెబ్బైనాలుగేళ్లు. చెవులు చక్కగా వినబడతాయి. ఆమె ఎందుకు ఒక్క మాటా అనలేదో నాకు తెలుసు. వాళ్లిద్దరికీ తెలియదని కాదు. ఆ సంగతికీ తమ వాదానికీ సంబంధం వుందని వాళ్లకు తట్టలేదు.

2022 డిసెంబరులో ఒకనాటి తెల్లవారుజామున మా పెద్దన్నయ్య పోయాడు. ఆయన కొడుకు దగ్గర, దూరాన ఒక మహానగరంలో వుండేవాడు. వూరి పేరు, మేమెక్కిన కంపెనీ పేరు వ్రాయను. ఎవర్నీ దోషుల్ని చెయ్యాలని ఈ సంగతి చెప్పడం లేదు. అక్కయ్యా నేనూ దొరికిన మొదటి విమానంలో బయలుదేరాం. మూడున్నరకు దిగాలి. అస్తమయం లోపల దహనం కావాలని పురోహితుడు అన్నాడట. "ఐదుదాకా ఆగుతాం, వచ్చెయ్యండి బాబాయ్" అన్నాడు అన్నయ్య కొడుకు. లెక్కకు సరిపోయింది.

మూడుంబావుకు వూరు కనబడింది. సముద్రం, మేడలు, మధ్యన గీతలాగా రన్‌వే. "వచ్చేశాం అక్కయ్యా" అన్నాను. విమానం ఒకవైపు ఒరిగి తిరిగింది. మళ్లీ సముద్రం, మళ్లీ మేడలు, మళ్లీ ఆ గీత. నాలుగోసారి తిరుగుతూండగా కెప్టెను గారు ఇంగ్లీషులోనూ హిందీలోనూ చాలా మర్యాదగా, కింద రద్దీ ఎక్కువగా వుందనీ, మన వంతు కోసం ఆగుతున్నామనీ చెప్పాడు. ఆకాశంలో ఆగడమంటే తిరగడమే. నిలబడటానికి అక్కడ నేల లేదు కదా! పక్క సీటు కుర్రవాడు సినిమా చూసుకుంటున్నాడు. అక్కయ్య కిటికీకి నుదురు ఆనించి కిందికే చూస్తోంది. ఒకసారి నెమ్మదిగా, "వాడుండే ఇల్లు ఇందులో ఎక్కడరా?" అని అడిగింది. నాకు తెలియలేదు.

యాభై నిమిషాలు తిరిగాం. దిగిన తరువాత నిలిపే చోటు ఖాళీ లేదని మరో ఇరవై నిమిషాలు. అక్కడినుంచి కారు. మేం వెళ్లేసరికి అయిపోయింది. అన్నయ్య కొడుకు తడిబట్టలతో ఎదురువచ్చి అక్కయ్య కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అక్కయ్య వాణ్ణి లేవదీసింది గాని ఏమీ అనలేదు. ఈనాటివరకూ ఆ యాభై నిమిషాల మాట ఎవరితోనూ ఎత్తలేదు.

కనుమునాడు తెల్లవారుజామున మేం నలుగురం విశ్వవిద్యాలయం వైపు షికారు వెళ్లాం. మా తార్నాక వాళ్లకు ఉస్మానియా ఆవరణ పెరటితోటలాంటిది. చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ అందరికీ అక్కడ నడిచే అలవాటుంది. చలికాలం పొద్దున మంచుతెర వెనక ఆర్ట్సు కాలేజీ కట్టడం గులాబిరంగు రాయితో, ఎవరో ఆ రాత్రే తెచ్చి నిలబెట్టినట్టు వుంటుంది. 1939లో తెరిచినప్పటినుంచీ ఎన్ని తరాల పిల్లలు ఆ మెట్లమీద కూర్చుని దేశం సంగతి తేల్చారో! ఆ గాలిలోనే వాదం వుంది కాబోలు, మా వాళ్లిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి శాస్త్రోక్తంగా.

అల్లుడి వాదం ఇది. రన్‌వే ఒక వాకిలి. ఒకరు దాటిన తరువాతనే మరొకరు దాటాలి. నూట ఎనభైమంది ఎక్కిన విమానమూ ఒక వంతు తీసుకుంటుంది, ముగ్గురెక్కినదీ ఒక వంతే తీసుకుంటుంది. పైగా పెద్ద విమానం రెక్కల వెనక గాలి సుడులు తిరుగుతూ వుంటుంది. చిన్నది దగ్గరగా వస్తే తలకిందులయ్యే ప్రమాదం. అందుకని మధ్యన మైళ్లకొద్దీ ఎడం వదలాలి. అంటే చిన్నది చిన్న చోటుతో సరిపెట్టుకోదు. ఒక్కొక్కప్పుడు పెద్దదానికంటె ఎక్కువ చోటే కావాలి. ఇక శిక్షణ విమానాలున్నాయి. పెద్ద జెట్టు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో వచ్చి దిగుతుంది. రెండు సీట్ల శిక్షణ విమానం అందులో సగం వేగంతో వస్తుంది. ఎడ్లబండి వెనక ఎక్స్‌ప్రెస్సు బస్సును కట్టినట్టు!

మేనల్లుడు నవ్వాడు. "శిక్షణ విమానం మీద పడతావేం అన్నయ్యా? మీ కంపెనీ పైలట్లంతా తల్లి కడుపులోంచే పెద్ద జెట్టు నడుపుతూ వచ్చారా? అందరూ ఆ ఎడ్లబండి మీద నేర్చుకున్నవాళ్లే. ఇక నాది జెట్టే. మీ వేగానికి కొంచెం తక్కువ, అంతే."

వాడి వాదం వేరు. రోజుకు ఇరవైనాలుగు గంటలుంటే కంపెనీలన్నీ ఉదయం ఎనిమిదికీ, సాయంత్రం ఆరుకీ ఎగబడతాయి. ఒకే వాకిట్లోంచి పదిమంది ఒకేసారి దూరాలని పట్టిక వేసుకుని, తమకు సందు దొరకలేదంటే, గుమ్మం పక్కన నిలబడ్డ చిన్నవాణ్ణి తిట్టి ఏం లాభం? చార్టరు అనగానే వ్యాపారస్తుల విందులూ వినోదాలూ అనుకుంటారు. రోగిని స్ట్రెచరు మీద తీసుకువెళ్లే విమానమూ అదే కోవలోకి వస్తుంది. ఎన్నికలొస్తే నాయకుల హెలికాప్టర్లూ అదే కోవ. "నేను ఇద్దరు రోగుల్ని తీసుకువెళ్లాను మామయ్యా. ఆవేళ నాకంటె ముందున్న కంపెనీ విమానాన్ని పక్కకు జరిపే నాకు దారి ఇచ్చారు. ఆ నూట ఎనభైమందీ నన్ను తిట్టుకునే వుంటారు."

ఇది మన ఇంటి తగాదాయే అనుకున్నాను గాని, అల్లుడు చెప్పేదాకా దీనికి ఇంత చరిత్ర వుందని నాకు తెలియదు. అమెరికాలో 2007 వేసవిలో విమానాల ఆలస్యాలు భరించలేనంతగా పెరిగాయట. ఆకాశాన్ని ఇరుకుచేస్తున్నది సొంత జెట్టులేనని విమాన కంపెనీల సంఘం ప్రచారం మొదలుపెట్టింది. అక్కడి విమానయాన శాఖ లెక్కలు కూడా దానికి చేతికందాయి. ఆకాశాన్ని నడిపే ఖర్చులో సొంత విమానాల వాళ్ల వల్ల అయ్యేది నూటికి 16 వంతులైతే, వాళ్లు పన్నుగా కట్టేది 3 వంతులేనని తేలింది. కాబట్టి వాడకాన్ని బట్టి రుసుము కట్టమన్నారు.

"మిగిలిన సగం కూడా చెప్పు" అన్నాడు మేనల్లుడు. సొంత విమానాల సంఘంవారు వూరుకున్నారా? దేశంలో అన్నిటికంటె రద్దీ అయిన పది విమానాశ్రయాల్లో తమ రాకపోకలు నూటికి నాలుగైనా లేవు పొమ్మన్నారు. తమలో చాలామంది న్యూయార్కుకు వెళ్లినా, పక్కన టెటర్‌బరో అనే వేరే విమానాశ్రయంలో దిగుతారు. అక్కడికి కంపెనీ విమానాలే రావు. ఒకే గంటలో పట్టనన్ని విమానాలు పెట్టుకున్నది కంపెనీలే కదా అన్నారు.

"దిగేది వేరే చోటైనా, వచ్చే ఆకాశం ఒకటే కదా" అన్నాడు అల్లుడు. అదీ నిజమే. చివరకు ఏమైందంటే, ఆ నవంబరులో పండుగ రద్దీకోసం అధ్యక్షుడు బుష్ తూర్పు తీరాన సైన్యంవారి ఆకాశంలో కొన్ని దారులు తాత్కాలికంగా తెరిపించాడు. అంటే, వీళ్లిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూంటే, పక్కనే తాళంవేసిన గది ఒకటి వుందన్నమాట! చట్టం సంగతి మాత్రం తేలలేదు. పాతదాన్నే 23సార్లు పొడిగించి, 2012 ఫిబ్రవరిలో కొత్తది చేశారు. అందులో ఆ రుసుము లేదు. అయిదేళ్లు కొట్టుకున్నదానికి ఇదీ ఫలితం.

తాళంవేసిన గది మనకూ వుంది. మన ఆకాశంలో నూటికి అరవై వంతులే పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరుకుతున్నదని 2020 మే నెలలో కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారే చెప్పారు. మన హైదరాబాదు సంగతి చూడండి. ఉత్తరాన హకీంపేటలో, దుండిగల్లులో వాయుసేన, నడివూళ్లో బేగంపేట, దక్షిణాన షంషాబాదు. ఇన్నిటి మధ్య గీతలు గీసి నడిపేవాళ్ల ఓర్పుకు దణ్ణం పెట్టవలసిందే. ఆ ఓర్పు మన చౌరస్తాలో వుంటే నేను బజారునుంచి పావుగంట ముందు ఇల్లు చేరుకునేవాణ్ణి.

ఆర్ట్సు కాలేజీ ఎదుట కూర్చున్నాం. అక్కయ్య మోకాళ్లు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నెమళ్లు ఎక్కడో అరుస్తున్నాయి.

"బొంబాయిలో ఏం చేశారో తమ్ముడికి తెలుసు" అన్నాడు అల్లుడు. తెలియకేం? 2024 ఫిబ్రవరిలో కేంద్ర విమానయాన శాఖ ఒక ప్రకటన చేసింది. బొంబాయికి వచ్చే విమానాలు నలభై నిమిషాలనుంచి గంటదాకా వూరిమీద తిరగవలసి వస్తున్నదనీ, నలభై నిమిషాలు తిరిగితే 1,700 లీటర్ల ఇంధనం, అంటే సుమారు 1.8 లక్షల రూపాయలు, గాలిలో కలిసిపోతున్నాయనీ అందులో వుంది. ఆ డబ్బు చివరికి ఎవరి టిక్కెట్టులోంచి వస్తుందో వేరే చెప్పాలా? అయితే నాకు ఆ ప్రకటనలో నచ్చినది మరొకటి వుంది. కారణాలు చెబుతూ అది ఎవర్నీ వదలలేదు. విమానాశ్రయం నడిపేవారు ఎడం లేకుండా ఎక్కువ వేళలు పంచిపెట్టారన్నది. విమాన కంపెనీలు తమ వేళలు పాటించడం లేదన్నది. రద్దీ గంటల్లో సొంత విమానాలూ చార్టర్లూ వస్తున్నాయన్నది. ముగ్గురికీ మూడు అక్షింతలు!

శిక్ష కూడా పంచారు. బాగా రద్దీ అయిన వేళల్లో గంటకు 46 రాకపోకలుండేవి, 44 చేశారు. మిగిలిన వేళల్లో 44ను 42 చేశారు. సొంత విమానాలకు అంతకుముందు రోజుకు నాలుగు గంటలు ఆంక్ష వుండేది. దాన్ని ఎనిమిది గంటలు చేశారు. పొద్దున ఎనిమిదినుంచి పదకొండు, సాయంత్రం అయిదునుంచి ఎనిమిది, రాత్రి తొమ్మిదింబావునుంచి పదకొండుంబావు.

"చూశారా మామయ్యా! వాళ్లకు గంటకు రెండు తగ్గిస్తే మాకు ఎనిమిది గంటలు వాకిలే మూసేశారు" అన్నాడు మేనల్లుడు.

"మా రెండిట్లో మూడువందల అరవైమంది" అన్నాడు అల్లుడు.

నేను నా లెక్కలో పడ్డాను. పూర్వం లెక్కల మేష్టరుగా పనిచేసిన అలవాటు వూరికే పోదు. గంటకు 46 అంటే 78 సెకన్లకు ఒక విమానం. 44 అంటే 82 సెకన్లకు ఒకటి. ఇంత రభసా, ఇన్ని ఉత్తరువులూ ఆ నాలుగు సెకన్ల కోసం! నాలుగు సెకన్లలో మనం చేసే పనేమిటి? చెప్పుల్లో కాలు పెట్టడం. కాని ఒకరి వెనక ఒకరుగా వరసకట్టిన చోట, ముందువాడు పోగొట్టిన నాలుగు సెకన్లు వెనకవాడికి ఎనిమిది, ఆ వెనకవాడికి పన్నెండు. అల్లా పెరిగి పెరిగి, వరస చివర ఎవరో ఒకరు కిటికీకి నుదురు ఆనించి కూర్చుంటారు.

ఈ తగాదాకు మన హైదరాబాదు ఒక విచిత్రమైన పరిష్కారం చేసింది. తీర్చలేదు, వేరు కాపురాలు పెట్టించింది. అసలు బేగంపేట మైదానం పుట్టిందే సరదాకి ఎగిరేవాళ్ల వల్ల. నిజాం రోజుల్లో, 1930ల్లో, అక్కడ ఏరో క్లబ్బు వుండేది. తరువాత 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. డకోటా విమానాలు వచ్చాయి. 1953లో దేశంలోని మరికొన్ని కంపెనీలతోపాటు అదీ జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అంటే, చిన్న విమానాల వాళ్ల ఇంటికి పెద్ద విమానాల వాళ్లు చుట్టపుచూపుగా వచ్చి, గదులన్నీ ఆక్రమించుకున్నారన్నమాట. వూరు పెరిగి మైదానాన్ని చుట్టేసింది. మా మేడ మీద నిలబడితే ఉత్తరపు దిక్కున ఒకదాని వెనక ఒకటి వరసగా దిగుతూ కనబడేవి. మా అమ్మాయి చిన్నప్పుడు వాటిని లెక్కబెట్టుకుంటూ అన్నం తినేది. 2008 మార్చి 23న షంషాబాదు తెరిచారు. ఆ చుట్టాలంతా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. బేగంపేటలో మళ్లీ శిక్షణ విమానాలు, ప్రభుత్వ విమానాలు, సైన్యంవి, మా మేనల్లుడి యజమానిలాంటి వారివి మిగిలాయి. రెండేళ్లకొకసారి విమానాల ప్రదర్శన పెడితే జనం తిరునాళ్లకు వెళ్లినట్టు వెళతారు.

వేరుకాపురం వల్ల మేలు జరగలేదని అనలేను. షంషాబాదులో 2023–24లో రెండున్నర కోట్లమంది ప్రయాణం చేశారు. అంతమందిని బేగంపేట ఎల్లా భరించేది? కాని ఈ కాపురంలో ఎవరికి ఏ వాటా వచ్చిందో కూడా చూడాలి కదా. వ్యాపారస్తుడి కారు జూబిలీహిల్సు నుంచి బేగంపేటకు ఎంతసేపు? నూట ఎనభైమంది మాత్రం వేకువజామున లేచి, పుష్పక్ బస్సెక్కి వూరు దాటాలి. మా తార్నాకనుంచి బేగంపేటకు ఆటోలో వెళ్లి విమానమెక్కిన రోజులు నాకు గుర్తే. పేరుకు పుష్పకమే గాని, అది మన గుమ్మంలో దిగే పుష్పకం కాదు.

ఇల్లా నేను ఆలోచిస్తూంటే వాళ్లు యంత్రాల్లోకి వెళ్లారు. ఈ విశ్వవిద్యాలయం ఆవరణలోనే నావిగేషన్ ఎలక్ట్రానిక్సుకు ఒక పరిశోధన శాఖ వుంది. ఉపగ్రహంనుంచి వచ్చే సంకేతాన్ని పైన వున్న అయనోస్ఫియరు ఎంత ఆలస్యం చేస్తుందో లెక్కగట్టే పనిలో అక్కడివాళ్లు ఏళ్ల తరబడి కృషిచేశారు. మన ఇస్రోవారూ విమానాశ్రయాల సంస్థవారూ కలిసి 'గగన్' అనే ఏర్పాటు చేసి 2015లో ప్రారంభించారు. విమానం తాను ఎక్కడున్నదీ దానితో మరింత కచ్చితంగా తెలుసుకోవచ్చు. "ఇంక దారులు దగ్గర దగ్గరగా గీసుకోవచ్చు మామయ్యా" అన్నాడు మేనల్లుడు. "దారులు ఎన్ని గీసినా వాకిలి ఒకటే" అన్నాడు అల్లుడు. అయిదు నిమిషాలపాటు ఇద్దరూ ఏకాభిప్రాయంతో, కొత్త రన్‌వేలు కట్టాలన్నారు. నాకు భయంవేసింది. ఏకాభిప్రాయానికి వచ్చినప్పుడల్లా ఎవరివో పొలాలు పోతాయి.

అప్పుడు మాట్లాడింది మా అక్కయ్య.

"ఒరే, నాకు ఒకటి చెప్పండర్రా. మీ మామయ్య పోయిన రోజున మేం పైన తిరిగిన ఆ యాభై నిమిషాలూ ఎవరివి?"

ఇద్దరూ చప్పున ఆగిపోయారు. ముందు అల్లుడు తేరుకున్నాడు. "అది ఫలానావారి వల్లనే అని చెప్పడం కష్టమండీ. ఆవేళ వాతావరణం ఎల్లా వుందో, ఎన్ని విమానాలు..."

"తప్పు ఎవరిదని అడగలేదు నాయనా. తప్పులు మీరిద్దరూ రెండు రోజులనుంచి చెబుతూనే వున్నారు. నిమిషాలు పంచిపెట్టేవాళ్లున్నారన్నావు కదా. మీ కంపెనీకి ఇన్ని, వీడి యజమానికి ఇన్ని అని. ఆ పంపకాల దగ్గర మా తరఫున ఎవరన్నా కూర్చుంటారా అని అడుగుతున్నాను."

అల్లుడు నా వైపు చూశాడు. నేను నెమళ్ల వైపు చూశాను.

కంపెనీలకు సంఘం వుంది. సొంత విమానాల వాళ్లకు సంఘం వుంది. విమానాశ్రయం వాళ్లకు లాయర్లున్నారు. సైన్యానికి దేశమే వుంది. నూట ఎనభైమంది, నూట ఎనభైమంది అని మా అల్లుడు రెండు రోజుల్లో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. వాళ్ల తరఫున మాట్లాడుతున్నట్టే వుంటుంది. వాళ్లను తక్కెట్లో తూనికరాళ్లలాగా వేస్తున్నాడు. మేనల్లుడూ అంతే, ఇద్దరు రోగుల్ని చూపించి ఏడాది పొడుగునా విందులకు వెళ్లే విమానాన్ని దాటిస్తున్నాడు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి లెక్కలూ నిజమే. ఆ లెక్కల్లో మా అక్కయ్య ఒక సీటు నంబరు.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "ఆవేళ నువ్వూ రాలేకపోయావు. ఎక్కడికో వెళ్లానన్నావు."

"గోవాకమ్మా. యజమానిగారి ఇంట్లో పెళ్లివాళ్లను దింపాలి. తప్పలేదు."

"నువ్వు ఎంతసేపు తిరిగావురా పైన?"

వాడు కాసేపు మాట్లాడలేదు. "లేదమ్మా. నేరుగా దిగాం."

అక్కయ్య తల వూపింది. వాడి భుజం పట్టుకుని లేచి, కొంగు దులుపుకుని నడక సాగించింది. తిరిగి వచ్చేటప్పుడు విమానాల మాట ఎవరూ ఎత్తలేదు. చౌరస్తా దగ్గర మెట్రో రైలు మా నెత్తిమీదుగా వెళ్లింది. కింద బస్సువాడూ కారువాడూ అప్పటికే మొదలుపెట్టారు. అల్లుడు బస్సువాడి మాట, మేనల్లుడు కారువాడి మాట కాసేపు శ్రద్ధగా విని, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

తరువాత అన్నయ్య మనమరాలికి పెళ్లి కుదిరింది. అక్కయ్య వెళ్లి తీరాలంది. అల్లుడు టెలిఫోను చేసి, తెల్లవారుజాము విమానానికైతే ఆకాశం ఖాళీగా వుంటుందనీ, టిక్కెట్లు తాను చూస్తాననీ అన్నాడు. మేనల్లుడు యజమాని విమానం అటే వెళుతుంది, అడిగి చూస్తానన్నాడు. అక్కయ్య ఇద్దరికీ అక్కరలేదని చెప్పి, నన్ను సికిందరాబాదులో రైలుకు టిక్కెట్లు తీయమంది.

"రైలు కూడా సిగ్నలు దగ్గర గంటలకొద్దీ ఆగుతుంది అక్కయ్యా" అన్నాను.

"ఆగనీరా. కిందికి దిగి నిలబడొచ్చు" అంది.

ఒక లోయరు బెర్తూ, ఒక సైడు అప్పరూ దొరికాయి. సైడు అప్పరు నాది.